పరామర్శ పేజీ

అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మార్కండేయులు చెయ్యి గాలిలో అలాగే నిలబడింది. పప్పు వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదికి కారుతోంది.

ఎదురుగా కూర్చున్న భద్రావతి తండ్రి మొహం చూడలేదు. ఫోను చూసింది. తల్లి రత్నకుమారి కూడా గరిటె పట్టుకునే కూతురి భుజం మీంచి ఫోనులోకి వంగింది.

"ఏం చూపిస్తందే?"

"చెయ్యి పసుపు. మింగడం ఆకుపచ్చ. మాట ఎరుపు."

"ఎరుపా! పొద్దున పసుపేగా?"

"ఇప్పుడు ఎరుపొచ్చింది."

చెయ్యి మెల్లగా కదిలింది. ముద్ద నోట్లోకి వెళ్ళింది. ఆయన నమిలాడు, మింగాడు, ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. రత్నకుమారి మజ్జిగ కలిపి పెట్టింది. అది కూడా అయిపోయింది. కంచం తీసి, కింద తడిగుడ్డతో తుడిచాక అప్పుడు వచ్చింది ఆ మాట.

"ఉప్పు" అన్నాడు మార్కండేయులు.

పప్పులో ఉప్పు తక్కువైందని భద్రావతికి అప్పుడు తెలిసింది.

చీరాల దగ్గరి ఆ నేతపేటలో మార్కండేయులు మగ్గం చప్పుడు గుర్తుపట్టని వాళ్ళు లేరు. కిందటి కార్తీకంలో ఒక ఉదయం మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో ఒక ముక్క చచ్చిపోయిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మింగడం, అన్నీ ఆ ముక్కతోనే పోయాయి. అప్పుడే పట్నంలోని పరిశోధనశాల వాళ్ళు వచ్చి, ఒక కొత్త ప్రయోగానికి ఒప్పుకుంటారా అని అడిగారు. పుర్రె లోపల సన్నటి తీగలు పరిచారు. చచ్చిన ముక్క చేసే చాకిరీ అంతా చెయ్యడానికి ఒక పెట్టె ఇచ్చారు. చూడటానికి ఉప్పు జాడీ అంత ఉంటుంది. గూట్లో పెట్టారు. అలాంటి పెట్టెతో ఇంటికి వచ్చిన మొదటి మనిషి ఆయనే.

పెట్టెకి నడక ఒక పని. మాట ఒక పని. చెయ్యి, మింగడం, నిద్రలో ఊపిరి, ఒక్కోటీ ఒక్కో పని. ఏ పని ఎలా నడుస్తోందో ఇంట్లోవాళ్ళు ఫోనులో చూసుకోవడానికి ఒక పేజీ కూడా ఇచ్చారు. బాగుంటే ఆకుపచ్చ, నెమ్మదిస్తే పసుపు, తడబడితే ఎరుపు.

"పేజీ అడగ్గానే పెట్టె జవాబిస్తుంది. ఏ పనిలో ఉన్నా సరే, ముందు జవాబు చెప్పాకే పని" అని చెప్పింది పరిశోధనశాల నుంచి వచ్చిన నస్రీన్. ఆ పెట్టెను తయారుచేసిన వాళ్ళలో ఆమె ఒకతి. "ఏం జరుగుతోందో మనకి తెలియకుండా ఒక్క క్షణం కూడా ఉండకూడదని అలా పెట్టాం."

రత్నకుమారి చేతులు జోడించింది. భద్రావతి పేజీలో 'ఇంకా దగ్గరగా చూడు' అని ఉన్నచోట నొక్కింది. ఇంకా దగ్గరికి వచ్చింది. మళ్ళీ నొక్కింది. ఇక నొక్కడానికి లేనంత దగ్గరికి వచ్చేదాకా నొక్కింది.

ఆయన ఇంటికొచ్చాక పరామర్శలు మొదలయ్యాయి.

ఆ పేటలో జబ్బు చేసిన మనిషిని పలకరించకపోవడం చిన్న తప్పు కాదు. పలకరించని వాళ్ళ పేర్లు పెళ్ళిళ్ళప్పుడు బయటికొస్తాయి. దగ్గరి వాళ్ళు బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుని వెళ్ళారు. కానీ ఆ పేట మనుషుల్లో సగం మంది మగ్గాలు వదిలేసి భివండీ, సూరత్, షోలాపూర్ వెళ్ళిపోయిన వాళ్ళే. వాళ్ళు రాలేరు. ఫోన్లు చేసేవాళ్ళు. రత్నకుమారి మగ్గం ఎక్కింది కాబట్టి వాటికి జవాబు చెప్పే పని భద్రావతి మీద పడింది.

భద్రావతికి ఫోనులో మాట్లాడాలంటే గొంతు ఎండిపోతుంది. బడిలో హాజరు పలకడానికే ఆమె గొంతు రెండోసారికి గానీ వినపడదు. ఇప్పుడు ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పాలి. ఎలా ఒరిగాడు, ఏ పక్కకి ఒరిగాడు, నోట్లో నురగ వచ్చిందా, ముందురోజు ఏం తిన్నాడు. ఒకరికి చెప్పి పెట్టేలోపు ఇంకొకరు. కొందరు వింటూ ఏడ్చేవాళ్ళు. వాళ్ళు ఏడుస్తుంటే ఏమనాలో తెలియక ఆమె ఫోను చెవికి ఆనించుకుని గోడ మీద సున్నం గీరుతూ నిలబడేది.

ఒకరోజు భివండీ నుంచి మేనత్త రాఘవమ్మ పొద్దుటి నుంచి నాలుగోసారి ఫోను చేస్తుంటే, ఎత్తలేక, పేజీ అడుగున 'ఇంకొకరికి పంపు' అని ఉంటే పంపేసింది.

కాసేపటికి రాఘవమ్మ గొంతు ఫోనులో ఖణేల్‌మంది. "ఓసి నా బంగారు కోడలా! నా తమ్ముడు ఊపిరి పీల్చడం ఇక్కడ కనపడతందే! పక్కన కూర్చున్నట్టే ఉంది!"

రాఘవమ్మ ఆ పేజీని సూరత్‌కి పంపింది. సూరత్ వాళ్ళు షోలాపూర్‌కి పంపారు. ఫోన్లు తగ్గిపోయాయి. మార్కండేయులు ఎట్టా ఉన్నాడని ఎవరూ అడగనవసరం లేకుండా పోయింది. భద్రావతికి ఎంత హాయి అనిపించిందంటే, ఆ రాత్రి ఇంకో పదిమందికి తనే పంపింది.

ఆ తర్వాత నుంచి వచ్చే ఫోన్లు వేరే రకంగా ఉండేవి.

"ఏమే, నిన్న సాయంత్రం మీ నాన్న కుడికాలు పసుపులోకి పోయిందేం? వంకాయ పెట్టారా?"

"లేదత్తా."

"మీ అమ్మ పెట్టే ఉంటది. పథ్యం అంటే దానికి లెక్కలేదు. మీ పెదనాన్న అయితే ఆ పేజీని టీవీకి కలిపి, దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. పొద్దున్నే దణ్ణం పెట్టుకుని రెండూ చూసుకునే షాపుకి పోతాడంట."

భద్రావతి బడికి కూడా ఫోను తీసుకెళ్ళేది. లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఒళ్ళో చూసుకునేది. అన్నీ ఆకుపచ్చగా ఉండే రోజులు తగ్గుతూ వచ్చాయి. మార్కండేయులు గడప దాటబోయి, ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయేవాడు. మాట గంట వెనకపడేది. పసుపు కనపడితే పేజీ తెరిచినవాళ్ళు ఇక మూసేవాళ్ళు కాదు. ఎరుపు కనపడితే ఇంకొకరికి చెప్పేవాళ్ళు. వాళ్ళూ తెరిచేవాళ్ళు.

పెట్టెతో సహా పరిశోధనశాలకి తీసుకెళ్తే మాత్రం ఆయన మామూలుగా ఉండేవాడు. అక్కడ బయటి తరంగాలేవీ చొరకుండా గోడలన్నిటికీ రేకు కొట్టిన గదిలో పరీక్ష చేసేవాళ్ళు. ఫోన్లు బయటే పెట్టించేవాళ్ళు. లోపల ఆయన నడిచేవాడు, గ్లాసు ఎత్తేవాడు, అడిగినదానికి అడిగినట్టే బదులు చెప్పేవాడు.

"బాగానే ఉన్నారే! ఇంట్లో ఏమన్నా దిగులు పడుతున్నారా?" అని అడిగింది నస్రీన్.

"మా ఇంట్లోనే ఏదో ఉందమ్మా" అంది రత్నకుమారి. వెళ్ళగానే గుమ్మానికి గుమ్మడికాయ కట్టించింది.

తుపాను వచ్చిన రోజు పొద్దున్నే కరెంటు పోయింది. కొద్దిసేపటికి టవరు కూడా పోయింది. పెట్టె తన బ్యాటరీ మీద నడుస్తోంది. పేజీ తెల్లగా ఉండిపోయింది. భద్రావతి దాన్ని మూసి తెరిచింది, తెరిచి మూసింది. వాన గోడల మీద కొడుతోంది. తండ్రి లోపలి గదిలో ఉన్నాడని తెలుసు. ఆకుపచ్చగా ఉన్నాడో, పసుపుగా ఉన్నాడో తెలియదు.

మగ్గం చప్పుడు వినిపించింది.

"అమ్మా, ఈ వానలో నేస్తన్నావా?" అని కేకేసింది.

"నేనెక్కడ నేస్తన్నా? పొయ్యి దగ్గరున్నా" అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

ఇద్దరూ ఒకేసారి గది గుమ్మంలోకి వచ్చారు. మార్కండేయులు గుంటలో కూర్చుని ఉన్నాడు. దారం మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోతోంది. పోగుని దగ్గరికి నొక్కే పలక గట్టిగా వచ్చి కొడుతోంది. ఆయన తలెత్తాడు. మాటకోసం ఎదురు చూడాల్సిన పని లేకపోయింది.

"భద్రావతీ, కండెలు అయిపోవచ్చాయి, నాలుగు చుట్టిపెట్టమ్మా. మీ అమ్మ పలక మరీ మెత్తగా కొట్టింది. చూడు గుడ్డ ఎట్టా వచ్చిందో, దోమతెరకి పనికొస్తది."

"ఆఁ, నోరు రావడం ఆలస్యం, మొదలు నా నేత మీదే పడ్డాడు!" అంది రత్నకుమారి. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

భద్రావతి రాట్నం ముందు కూర్చుని, నాడెలో పెట్టే కండెలకి దారం చుట్టింది. ఆయన చెయ్యి చాపినప్పుడల్లా ఒకటి అందించింది. వెలుతురు పోయేదాకా నేశాడు. మధ్యలో కూతుర్ని బడి గురించి అడిగాడు. లెక్కలు అర్థం కావట్లేదని చెప్పింది. "నాకూ కాలేదులే" అన్నాడు. ఆ రోజంతా ఆమె ఫోను ఎక్కడ పెట్టిందో కూడా గుర్తులేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ వచ్చింది. మార్కండేయులు పెరుగన్నం తింటున్నాడు. ఎక్కడో బట్టల కింద నుంచి ఫోను మోగింది. టవరు వచ్చింది.

భివండీలో, సూరత్‌లో, షోలాపూర్‌లో నిన్నటి నుంచి తెల్ల పేజీ చూస్తూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్న వాళ్ళందరికీ ఆ క్షణంలోనే దారి దొరికింది. అందరూ అడిగారు. ఎట్టా ఉన్నాడు, ఎట్టా ఉన్నాడు, ఎట్టా ఉన్నాడు. అందరికంటే ముందు అడిగింది భద్రావతి ఫోనే. బట్టల కింద నుంచి లాగి, తండ్రి ఎదురుగా కూర్చుని, పేజీ తెరిచింది.

మింగడం ఆకుపచ్చగా ఉంది. పసుపు అయింది. ఎరుపు అయింది. ఆ తర్వాత నల్లగా అయింది. నలుపు అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆమె తెర మీద వేలితో గీకింది, మరకేమో అన్నట్టు. మళ్ళీ తెరిచి చూసింది. నలుపే.

ఫోను దించి చూసేసరికి ఆయన మొహం నీలంగా ఉంది.

వీధిలో వాళ్ళు మోసుకుని ఆటోలో వేశారు. ఆసుపత్రిలో గొంతులోంచి మెతుకులు తీశారు. ఊపిరి వచ్చింది. రత్నకుమారి ఆసుపత్రి నేల మీద కూర్చుని ఏడ్చింది. భద్రావతికి ఏడుపు రాలేదు. చేతులు తనవి కానట్టు, ఎవరివో తెచ్చి భుజాలకి తగిలించినట్టు ఉన్నాయి. ఎవరో టీ ఇస్తే తాగింది. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు.

రెండు రోజుల తర్వాత పరిశోధనశాలకి తీసుకెళ్ళారు. నస్రీన్ పెట్టెలోని రికార్డు అంతా చూసింది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. చివరికి తల్లీకూతుళ్ళని రేకుగదిలోకి తీసుకెళ్ళింది. ఈసారి భద్రావతి ఫోనుని బయట పెట్టమనలేదు.

మార్కండేయులు బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద నిండా నీళ్ళున్న గ్లాసు, పక్కనే పెట్టె. తలుపు మూసి ఉంది.

"బాబాయ్, ఆ గ్లాసు ఇటు పక్కకి పెట్టండి."

ఆయన ఎత్తి పెట్టాడు. చుక్క కూడా తొణకలేదు. నస్రీన్ తలుపు బార్లా తీసింది.

"మిగతా వాళ్ళ పేజీలన్నీ ఇందాకే ఆపేశాను. నీది ఒక్కటే ఉంది. ఇప్పుడు తెరువు. బాబాయ్, మళ్ళీ అటు పెట్టండి."

భద్రావతి తెరిచింది. గ్లాసు బల్ల మీంచి లేచింది. లేచి, సగంలో ఆగింది. నీళ్ళు అంచు దాటి ఆయన చొక్కా మీద పడ్డాయి.

"మూసెయ్."

మూసింది. చెయ్యి కదిలింది. గ్లాసు అటు పక్కకి వెళ్ళి కూర్చుంది.

"ఇంకోసారి తెరువమ్మా, మీ అమ్మగారు కూడా..."

"వద్దు" అంది భద్రావతి.

రత్నకుమారి గ్లాసునే చూస్తోంది. నస్రీన్ తలుపు మళ్ళీ మూసి వచ్చి కూర్చుంది.

"పేజీ అడిగినప్పుడల్లా పెట్టె చేస్తున్న పని పక్కన పెట్టి జవాబు చెబుతుంది. ఎంత దగ్గరగా చూస్తే పేజీ అన్ని ఎక్కువసార్లు అడుగుతుంది. ఒకరో ఇద్దరో అడిగితే ఫరవాలేదు అనుకున్నాం. ఆ మధ్యాహ్నం వందమందికి పైగా అడిగారు. అడిగిన అందరికీ జవాబు చెప్పింది. ఒక్కదానికీ ఆలస్యం చెయ్యలేదు. మింగడానికి సమయం దొరకలేదు. మేం ఆయన పనులన్నీ చూశాం. చూసేవాళ్ళు ఎంతమందో చూడలేదు. పేజీ ఇచ్చింది మేమే. తప్పు మాది."

"పంపింది నేను" అంది భద్రావతి. ఆ మాట ఎవరో పక్కన కూర్చుని అన్నట్టు ఆమెకి వినిపించింది.

మార్కండేయులు తడిసిన చొక్కా దులుపుకుంటూ అన్నాడు. "పోనీలే అమ్మాయ్."

అమ్మాయ్. భద్రావతి తలెత్తి చూసింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పటి నుంచీ ఆయన పేరు లేకుండా అలాగే పిలుస్తున్నాడు. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే రత్నకుమారిని "ఇదిగో" అంటున్నాడు.

ఆమె చూపు ఎందుకో నస్రీన్‌కి అర్థమైంది. మెల్లగా చెప్పింది. "గాలి ఆడని ఆ కాసేపట్లో ఇంకో చోట దెబ్బ తగిలింది. పేర్లు ఉండే చోటు. అది పెట్టె చేసే పని కాదు. అది ఆయనలోనే ఉండేది."

బయట పెట్టిన రత్నకుమారి ఫోను ఆగకుండా మోగుతోంది. పేజీలు ఆగిపోయేసరికి భివండీలో ఏడుపులు మొదలయ్యాయి. పెదనాన్న రైలు టిక్కెట్లు తీస్తున్నాడు. ఎవరో దండ వేసిన ఫొటో కూడా తయారు చేయించి పంపారు.

"ఎవరో ఒకరు చెప్పాలి" అంది నస్రీన్.

రత్నకుమారి ఫోను ఎత్తి, "వదినా" అని, దాన్ని కూతురికి ఇచ్చేసింది.

భద్రావతి వరండాలో నిలబడింది. గొంతు ఎండిపోయింది. ఎండిన గొంతుతోనే చెప్పింది. "అత్తా, నాన్న ఉన్నాడు. ఇప్పుడే నీళ్ళు తాగాడు."

"మరి పేజీ చచ్చిందేం?"

"ఇక రాదత్తా. మనం చూస్తుంటే పెట్టె మనకి జవాబు చెప్పుకుంటా కూర్చుంటంది. నాన్న పని ఆపేసి."

అవతల రాఘవమ్మ గొంతు లేచింది. "ఏందీ? నా చూపు తగిలి నా తమ్ముడికి గొంతు పట్టుకుందంటావా? నన్ను దిష్టికళ్ళదాన్ని చేస్తన్నావా? నోట్లో నాలుక లేదనుకున్నా, ఎంతెంత మాటలు నేర్చావే!"

"నాది కూడా అత్తా. అందరికంటే ఎక్కువ నాదే."

"మీ అమ్మ నేర్పిందా ఇట్టా చెప్పమని?"

"కాదు. నేను చూశా. గ్లాసు ఆగిపోయింది." భద్రావతి వేలు గోడ మీదికి వెళ్ళింది. ఆ గోడకి సున్నం లేదు, నున్నటి రంగు ఉంది, గీరడానికి ఏమీ రాలేదు. "నేను ఫోన్ చేస్తా అత్తా. రోజూ చేస్తా. ఏం తిన్నాడో, ఎట్టా నడిచాడో నేను చెబుతా. మీరు అడగండి. అన్నీ అడగండి."

రాఘవమ్మ ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"వంకాయ పెట్టలేదు కదా?"

"లేదత్తా."

తర్వాత పెదనాన్నకి చెప్పింది. సూరత్‌కి చెప్పింది. ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పింది. ఎలా ఒరిగాడు దగ్గర నుంచి. కొందరు ఏడ్చారు. కొందరు తిట్టి పెట్టేశారు. ఇక మిమ్మల్ని పలకరించేది లేదన్నారు ఇద్దరు ముగ్గురు. వరండాలో ఎండ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా జరిగింది. చివరికి వచ్చేసరికి తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. కానీ వినపడుతోంది.

బయలుదేరేటప్పుడు నస్రీన్ కారు దాకా వచ్చింది. పరిశోధనశాల వాళ్ళు ఇకనుంచి రోజుకొకసారి, ఆయన ఊరికే కూర్చుని ఉన్నప్పుడు మాత్రమే చూస్తారట.

"నీ పేజీ తీసెయ్యలేదు" అంది భద్రావతితో. "ఉంచుకోవచ్చు. అంత దగ్గరగా కాకుండా దూరం నుంచి చూసేట్టు పెట్టుకుంటే నష్టం తక్కువ. అసలు లేకుండా మాత్రం ఉండదు. తీసేస్తే, ఏదన్నా జరిగితే ముందుగా చెప్పేది ఏదీ ఉండదు. నేను ఇలా చెయ్యమని చెప్పలేను."

భద్రావతి తల ఊపింది. దారంతా ఫోను సంచి అడుగున ఉంది.

మర్నాడు ఆదివారం. రత్నకుమారి రేవుకి వెళ్ళింది. మార్కండేయులు మగ్గం ఎక్కాడు. భద్రావతి బయటి గదిలో రాట్నం ముందు కూర్చుంది. మధ్యలో గోడ. గోడ అవతల నుంచి నాడె, పలక, నాడె, పలక. ఫోను పక్కనే ఉంది. పేజీ తెరవకుండానే దాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి, అడుగున ఉన్న 'తీసెయ్' మీద నొక్కింది. నిజంగానే తీసెయ్యాలా అని ఫోను అడిగింది. నొక్కింది. ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూసింది.

చప్పుడు ఆగింది.

ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. అందులో ఇక చూడటానికి ఏమీ లేదు. పోగు తెగిందేమో. తెగిన పోగు వెతికి, ముడి వేసి, పోగుల్ని విడదీసే అచ్చులో నుంచి లాగడానికి సమయం పడుతుంది. నాన్నా అని పిలిస్తే తెలిసిపోతుంది. పిలిస్తే ఆయన ముడి వదిలేసి ముందు జవాబు చెప్పాలి.

పిలవలేదు.

గోడ అవతల నుంచి ఏమీ వినపడలేదు. బుట్టలో ఒక్క కండె మాత్రమే ఉంది. రాట్నం తిప్పితే ఆ రొదలో మగ్గం ఆడినా ఆగినా ఇక్కడికి వినపడదు. భద్రావతి దారం కొస పట్టుకుని ఖాళీ కండెకి చుట్టింది. ఆయన మళ్ళీ చెయ్యి చాపేసరికి కండెలు సిద్ధంగా ఉండాలి.

రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.